రాజకుమారి మెడలో గొలుసు

బందరులో వలంద దొరల, అదే డచ్చివాళ్ల, సమాధుల సంగతి తెలుసుగా... ఎప్పుడో ఓడలెక్కి వచ్చి ఇక్కడే మట్టయిపోయిన దొరలూ, దొరసానులూ. దీపాలు పెట్టే వేళ దాటాక మెళ్లో బంగారంతో అటు వెళ్లకూడదు. నేను చూడలేదు బాబూ, మా మార్తమ్మత్త చెప్పగా విన్నది.

ఆ గోడ పక్కనే మనవాళ్ల సమాధులు. దయానందం మాస్టారి మొదటి భార్య రాజకుమారి అక్కడే ఉంది. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారు గొలుసు ఆమె మెళ్లోనే ఉంచి పెట్టె మూయించాడని ఊరంతా మాస్టార్ని మెచ్చుకుంది.

రెండో భార్య ఆనందమ్మకి మాత్రం ఆ మెప్పు ఏడేళ్లుగా గొంతులో ముల్లు. ఆవిడకి పెళ్లిలో వేసింది చిలకలపూడి గిల్టు గొలుసు మరి! అది ఎన్నాళ్లకీ నల్లబడకపోతే, మన చిలకలపూడి పనితనం అలాంటిదనుకుంది, పిచ్చిది. "చచ్చినదానికి మేలిమి, బతికున్నదానికి గిల్టూనా?" అని కుళ్లి కుళ్లి ఏడ్చేది. బతికున్న సవతయితే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు, పోయినదాంతో ఏం పోట్లాడుతుంది?

ఆ యేడు సమాధుల పండగనాడు మాస్టారికి జ్వరం.

"రాజకుమారికి ఓ కొవ్వొత్తి వెలిగించి రావే" అన్నాడు.

ఆనందమ్మకి ఒళ్లు మండింది. కావాలనే పొద్దుగూకేదాకా జాగు చేసింది.

"గొలుసు తీసి వెళ్లమ్మా" అంది పక్కింటి సౌభాగ్యమ్మ.

"గిల్టుదాన్ని ఏ దెయ్యం చూస్తుందండీ!"

వెళ్లేసరికి అందరూ వెళ్లిపోయారు. కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి... రాజకుమారి సమాధి మీద మాత్రం ఎవరో పెట్టిన ఒక్కటి నిలకడగా వెలుగుతోంది. ఆనందమ్మ వంగి — ఉఫ్ మని ఊదేసింది!

"నీకు బంగారం చాల్లే" అంది కసిగా.

చీకటి. గాలి ఆగిపోయింది...

"చెల్లీ..."

వెనకనుంచి, చెవి పక్కనే — గుసగుస.

"ఏడేళ్లయినా... నీది నల్లబడలేదేం?"

చల్లటి వేలొకటి మెడ వెనక, గొలుసు కొక్కెం మీద ఆగింది. ఆనందమ్మ కెవ్వున అరిచి, పడుతూ లేస్తూ ఇంట్లోకొచ్చి పడింది.

వగరుస్తూ జరిగిందంతా చెప్పింది. మాస్టారి మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"ఆనందం... అసలు గొలుసు నీదేనే. రాజకుమారికి వేసి పంపింది గిల్టుది. వాళ్ల పుట్టింటివాళ్లు తిరిగి అడుగుతారని భయపడి — నీదే గిల్టని చెప్పాను."

ఓరి దేవుడా, ఎన్నేళ్ల ఏడుపు! ఆనందమ్మకి భయం ఎటు పోయిందో! తనదే మేలిమి. మోసపోయింది ఆ మట్టిలో ఉన్నదే. నవ్వు ఆపుకోలేక గొలుసు తీసి లాంతరు దగ్గర పెట్టి చూసుకుంది.

నల్లగా ఉంది. నిండా చిలుము పట్టి ఉంది... కొక్కెంలో ఇరుక్కున్న మన్ను ఇంకా తడిగానే ఉంది.