గుప్పిట్లో గుండె

రంజాన్ నెలలో సాయంత్రమయ్యేసరికి అలెగ్జాండ్రియా వీధులు ఖాళీ అయిపోతాయి. ఉపవాసం విడిచే వేళకి ఎవరి కంచం ముందు వాళ్లుంటారు. రావియా మాత్రం కుడి గుప్పిట మూసుకుని కారులో కూర్చుంది. ఆమె భర్త వగ్దీ ఖబరస్తాన్ వైపు కారు పోనిస్తున్నాడు.

ఆవిడ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. మొదట్లో విరిగిన ఎముక మళ్లీ అల్లుకునేందుకు సన్నటి జాలీలు తయారుచేసేది. కూతురు రిహాబ్‌కి గుండె కండరం పాడవుతోందని తెలిసిన రోజే ఎముకల్ని పక్కన పడేసింది. పిల్ల చర్మం చిటికెడు తీసి, అందులోని కణాల్ని గుండె కణాలుగా మార్చి, జాలీ మీద పెంచింది. వేళకి తిండి పెట్టి, వెచ్చటి పెట్టెలో ఉంచి సాకింది. "ఇంట్లో ఒక పిల్ల, ల్యాబులో ఇంకో పిల్లా నీకు!" అని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. ఒకరోజు ఆ ముక్క దానంతటదే కొట్టుకోవడం మొదలుపెట్టింది. అతికించేంత పెద్దది కాకముందే రిహాబ్ కన్నుమూసింది. పిల్లకి తొమ్మిదేళ్లు.

పిల్ల పోయినా ముక్క కొట్టుకుంటూనే ఉంది. దాన్ని చూసుకుంటూ రావియా బతికింది.

"ఒంట్లోంచి తీసిందేదైనా మట్టికే చేరాలి కదా," అని వగ్దీ నెలల తరబడి బతిమాలాడు. "పిల్లని సగమే పాతిపెట్టాం రావియా. అదెలా నిద్రపోతుంది?"

చివరికి ఈ రోజు ఆవిడ పెట్టె ఆపేసింది. చల్లబడే కొద్దీ ముక్క నెమ్మదించి ఆగిపోయింది. కడిగి తెల్లబట్టలో చుట్టింది. ఇలాంటివాటిని ఐసులోనే తీసుకెళ్లాలని క్లాసులో చెప్పేది తనే. కానీ చేతులు రాలేదు, గుప్పిట్లో పట్టుకుంది. చలికి ఆగిన గుండె కణం చచ్చినట్టు కాదు, వెచ్చబడితే మళ్లీ లేస్తుంది. అది తెలియని మనిషి కాదు. కడుపుకోతలో ఆ సంగతే తట్టలేదు.

ఖబరస్తాన్ కాపరి సాబిర్, రిహాబ్‌ని పడుకోబెట్టిన సమాధి గది ముందున్న నిలువురాయిని పక్కకి జరిపాడు. లోపల్నించి చెమ్మ వాసన, పాతబట్టల వాసన.

"తొందరగా డాక్టరమ్మా! పప్పు చల్లారిందంటే మా ఆవిడ నన్నూ ఇందులోనే పెడుతుంది."

రావియా కదల్లేదు. గుప్పిట్లో ఏదో...

"నీ చెయ్యి వణుకుతోంది," అన్నాడు వగ్దీ.

"నా చెయ్యి కాదు," అని గొణిగింది. "బతికే ఉంది వగ్దీ..."

వగ్దీ బట్ట మీద వేలు పెట్టాడు. చటుక్కున తీసేసి ఏడ్చేశాడు.

"బతికున్నది అది. మన రిహాబ్ కాదు. ఇచ్చెయ్, నీకు పుణ్యముంటుంది... పిల్లని వదిలెయ్."

ఇవ్వనంటే లాక్కునేవాళ్లెవరూ లేరు. భర్త కళ్లలోకి చూసి, ఒక్కొక్క వేలే విప్పింది. సాబిర్ ఆ మూటని అందుకుని, వంగి లోపలికెళ్లి, గది చివర రిహాబ్ పాదాల దగ్గర పెట్టి వచ్చాడు. రాయి మూశాడు. మసీదు నుంచి పిలుపు వినిపించగానే ఇంటికి పరుగెత్తాడు.

పిలుపు ఆగింది. ఊరంతా నిశ్శబ్దం. వగ్దీ ఖర్జూరం నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు.

టక్... టక్...

"నీకూ వినిపిస్తోందా?" రావియా రాయి వైపు తిరిగింది.

అతను తలూపాడు. "అదే. కాసేపటికి ఆగిపోతుందిలే... ఆగిపోతుంది."

ఆవిడ రాతికి చెవి ఆనించింది. వేలెడంత మెత్తటి ముక్క. బట్టలో చుట్టింది. గది ఆ చివర ఉంది. దాని చప్పుడు ఇంత దూరం రాకూడదు.

చప్పుడు దూరం నుంచి రావడం లేదు. రాయికి అవతలే... ఎవరో వేలి కణుపుతో తడుతున్నట్టు.

రావియా మెల్లగా వంగి, తడుతున్న చోట అరచెయ్యి ఆనించింది. తన నడుముకి కాస్త పైన ఉందది. తొమ్మిదేళ్ల పిల్ల చెయ్యి అందేంత ఎత్తులో.