దిగ్గొట్టని మేకు

మిట్టమధ్యాహ్నం... కానీ ఆకాశంలో సూర్యుడు లేడు!

ఉదయం నుంచి కమ్ముకొచ్చిన కారుమేఘాలు పట్టపగటిని పాతాళపు చీకటిగా మార్చేశాయి. వీధిలో జనసంచారం లేదు. ఉరుము ఉరిమినప్పుడల్లా దుకాణాల రేకు తలుపులు గడగడ వణుకుతున్నాయి. ఆ వీధి చివరి దుకాణంలో, పైకప్పు దూలం మీద, పగటిపూట కంటపడకూడని పక్షి ఒకటి వచ్చి కూర్చుంది... గుడ్లగూబ! కింద పనిచేస్తున్న మనిషిని అది రెప్ప వేయకుండా చూస్తోంది.

కింద ఒక వడ్రంగి ఖాళీ శవపేటిక మూతకి మేకులు కొడుతున్నాడు.

ఆ దుకాణంలో చేసేవి చనిపోయినవాళ్ళ పెట్టెలు మాత్రమే. తండ్రి పోయాక అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ పని అందుకున్నారు. చెక్క పని తమ్ముడిది. లోపల తెల్లగుడ్డ కుట్టి అతికించే పని అక్కది. తల్లి పోయేనాటికి తమ్ముడు చంటివాడు. అన్నం పెట్టింది, బడికి పంపింది, మాట వినకపోతే చెవి మెలిపెట్టింది, అన్నీ అక్కే. ఈ లోకంలో అతడికున్న బలగమంతా ఆ ఒక్క మనిషి.

అక్కకో అలవాటుంది. గుడ్డ అతికించాక ఏ పెట్టెలోనైనా సరే తానొకసారి పడుకుని, ముడత ఎక్కడైనా వీపుకి తగులుతుందేమో చూసుకుంటుంది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, అందులో పడుకోబోయే మనిషిని ప్రభువు చేతిలో పెట్టమని ప్రార్థన చేస్తుంది. "మీ అక్క అందరి చావూ ముందుగా చచ్చి వస్తుందయ్యా," అని వీధిలోవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆమె నవ్వి ఊరుకునేది.

తమ్ముడికి మాత్రం ప్రార్థన అబ్బలేదు. ఆదివారం చర్చిలో తలుపు పక్క బల్ల మీద కూర్చుంటాడు. ప్రార్థన పొడుగైతే గాలి కోసమని బయటికి జారుకుంటాడు. "ఇంట్లో నువ్వు చేస్తున్నావుగా అక్కా, నాదీ అందులోనే కలిపేసుకోమను దేవుణ్ణి," అనేవాడు. అక్క మొట్టికాయ వేసేది.

అయితే తండ్రి నేర్పిన పద్ధతి ఒకటి అతడు ఏనాడూ తప్పలేదు. మూత మీద తలవైపు మేకు ఒకటి పూర్తిగా దిగ్గొట్టకుండా సగంలో ఆపేయడం! "ప్రభువు పిలిచిన రోజున లేవాల్సిన మనుషుల్రా వీళ్ళు. మరీ బిగించెయ్యకూడదు," అనేవాడు తండ్రి. దాని అర్థం గురించి తమ్ముడు పెద్దగా ఆలోచించలేదు. చేతికి అలవాటైపోయింది, అంతే.

ఈ పెట్టె చేయించుకుంటున్న మనిషి నిన్న ఉదయం వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ నలగని బట్టల్లో, చంకలో నల్లటి తోలుసంచితో. మాట ఎంతో మర్యాదగా ఉంది గానీ, ఆ కళ్ళల్లో మాత్రం పాడుబడిన ఇంటి కిటికీల్లో ఉండే చీకటి ఉంది.

"మా ఇంట్లో ఒక ఆడమనిషికి పెట్టె కావాలండీ," అన్నాడు.

"ఎప్పుడు పోయారు?"

"ఇంకా పోలేదు. రేపు పోతుంది."

మంచానపడ్డ వాళ్ళకోసం ముందే చెప్పి చేయించుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి తమ్ముడికి అది వింతగా తోచలేదు. కొలత అడిగాడు. ఆ మనిషి, లోపలి గదిలో గుడ్డ కుడుతున్న అక్క వైపు తల తిప్పాడు. "మీ అక్కగారంత ఉంటుంది," అన్నాడు. చాలా దూరం తీసుకెళ్ళాలి, దారిలో మూత జారిపోతుంది, అందుకని ఖాళీ పెట్టెనే బిగించి ఉంచమన్నాడు. చివరగా సంచిలోంచి గుప్పెడు పాత మేకులు తీసి బల్ల మీద పోశాడు. "వీటితోనే కొట్టండి. పోయే మనిషి కోరిక."

పోయేవాళ్ళ కోరిక కాదనడం ఎందుకని తమ్ముడు ఆ మేకులు తీసుకున్నాడు. తీసుకోకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఈ ఉదయం అక్క అలవాటు ప్రకారం ఆ పెట్టెలో పడుకుని ప్రార్థన చేసి లేచింది. "ఏంట్రా ఇది, ఇందులో ఇంత చలేస్తోంది?" అంది. "వానకి చెక్క చెమ్మగిల్లి ఉంటుందిలే," అన్నాడు తమ్ముడు.

ఇప్పుడు మేకులు కొడుతుంటే అతడికీ ఏదోలా ఉంది. ఎంత పాత మేకైనా చెక్కలోకి దిగేటప్పుడు కాస్త మొరాయిస్తుంది. ఇవి అలా లేవు. సుత్తి తగలగానే, చెక్కే నోరు తెరిచి మింగినట్టు జర్రున దిగిపోతున్నాయి! లోపలి గదిలోంచి అక్క పాడుకునే పాట వినిపిస్తోంది. ఒక మేకు దిగింది... పాట సన్నగిల్లింది. ఇంకొకటి దిగింది... పదాలు పోయి కూనిరాగం మిగిలింది. మరొకటి... ఆ రాగమూ ఆగిపోయింది. వాన హోరులో వినబడటం లేదేమో అనుకున్నాడు అతడు.

తలవైపు ఆఖరి మేకు దగ్గర, అలవాటైన చేయి సగంలో ఆగింది. దూలం మీద గుడ్లగూబ భీకరంగా అరిచింది!

"అక్కా, కాస్త టీ పెడతావా?"

మళ్ళీ పిలిచాడు.

తమ్ముడు లోపలికి వెళ్ళాడు. అక్క గోడవైపు తిరిగి నిలబడి ఉంది. రెండు చేతులూ పక్కలకి అతుక్కుపోయి ఉన్నాయి, పాదాలు దగ్గరగా జోడించి ఉన్నాయి... అచ్చం పెట్టెలో పడుకున్నట్టు! గదిలో ఊపిరి పొగలా కనిపించేంత చలి. భుజం పట్టుకుని తిప్పాడు. ఆమె కళ్ళల్లో నల్లగుడ్డు లేదు. మణికట్ల మీద, భుజాల మీద, పాదాల మీద మేకు తలలంత నల్లటి మచ్చలు. నుదురు ఒక్కటే తెల్లగా ఉంది.

ఆమె పెదవులు కదిలాయి. వచ్చిన గొంతు ఆమెది కాదు. అందులో ఎందరో ముసలివాళ్ళూ, ఆడవాళ్ళూ, పసిపిల్లలూ ఒక్కసారే మూలుగుతున్నారు.

"ఆ మేకు... దించు..."

తమ్ముడు వెనక్కి పడ్డాడు. పాక్కుంటూ దుకాణంలోకి వచ్చి, పట్టకారు తీసుకుని ఒక మేకు పట్టి లాగాడు. లోపల అక్క హృదయవిదారకంగా కేక పెట్టింది. చూస్తే చెక్కలోంచి, మేకు చుట్టూ, వెచ్చటి నెత్తురు ఉబికి వస్తోంది! పట్టకారు జారిపోయింది. అతడు తల పట్టుకుని నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"లాగితే చచ్చిపోతుంది. ఆ పని చెయ్యకు."

గుమ్మంలో తోలుసంచి మనిషి నిలబడి ఉన్నాడు. బయట కుండపోతగా వాన... అతడి బట్టల మీద ఒక్క చుక్క కూడా లేదు! ఇకనుంచి వాణ్ణి మర్యాదగా చెప్పుకోవడం అనవసరం. వాడు క్షుద్రోపాసకుడు. శ్మశానాల్లో సమాధులు తవ్వి, మృతాత్మలను బానిసలుగా బంధించి బతికే నరరూప రాక్షసుడు! సంచి విప్పి, పొగచూరిన కపాలం ఒకటి తీసి పెట్టె మూత మీద పెట్టాడు. దాని కనుగుంటల్లో నీలిమంట వెలిగింది.

"ఎన్నో ఏళ్ళుగా పిలుస్తున్నాను," అన్నాడు వాడు మెల్లగా. "అన్ని సమాధులూ పలుకుతాయి. మీ దుకాణం పెట్టెల్లో వెళ్ళినవాళ్ళు మాత్రం పలకరు. ఎందుకో ఈమధ్యే తెలిసింది. మీ అక్క వాళ్ళని ముందే ఇంకొకరి చేతిలో పెట్టేస్తోంది."

"మా అక్కని వదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"వదిలేస్తాను. ఆ మేకు దించు. పెట్టె చేసినవాడు ఇష్టపడి దించాలి. మీ అక్క రేపు లేచి వంట చేస్తుంది, నీతో మాట్లాడుతుంది, నవ్వుతుంది. ఆ నోట్లో ప్రార్థన ఒక్కటే ఉండదు. అంతేగా? నీకెలాగూ ప్రార్థన పడదు." వాడు సుత్తి తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. "చీకటి పడేలోగా దిగాలి. ఈ పెట్టె నోరు తెరిచింది. ఎవరో ఒకరి ప్రాణం తీసుకునే మూసుకుంటుంది."

తమ్ముడు సుత్తి ఎత్తాడు. అవును, ఎత్తాడు! అక్క బతికుంటే చాలనిపించింది. ఆమె కంచం ముందు కూర్చుని తిడుతూ వడ్డిస్తే చాలు, ప్రార్థన లేకపోతే ఏమైంది? ఎత్తిన చేయి గాల్లోనే ఆగింది. ప్రార్థన తీసేస్తే ఇక అక్కలో అక్క ఏముంటుంది? తను జ్వరంతో కాలిపోతుంటే తలగడ దగ్గర మోకరించినదీ, తండ్రి పోయిన రోజున తనను పొదువుకుని నిలబడినదీ ఆ ప్రార్థనే కదా!

ఇంట్లో ఎవరికి కష్టం వచ్చినా ఇన్నాళ్ళూ ఆమె అడిగేది. ఇప్పుడు ఆమె కోసం అడగడానికి తను తప్ప ఎవరూ లేరు.

సుత్తి వదిలేశాడు. పెట్టె మీద బోర్లా పడి, సగం లేచి ఉన్న ఆ మేకు మీద తన కుడి అరచెయ్యి మూసి పెట్టాడు.

"ప్రభువా," అన్నాడు. "నాకు చేతకాదు. ఎప్పుడూ అక్కే అడిగేది. నాకు భయంగా ఉంది... చాలా భయంగా ఉంది. అక్కని నీ చేతిలో పెడుతున్నాను. నన్నూ పట్టుకో."

అంతే. ఆ తర్వాత ఏమనాలో అతడికి తెలియలేదు. వచ్చిన ఆ నాలుగు ముక్కల్నే మళ్ళీ మళ్ళీ అంటూ ఉండిపోయాడు.

మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు! ఏ భాషకీ చెందని కర్కశ శబ్దాలేవో పలికాడు. గోడల మీద నీడలు మనుషుల్లా లేచాయి. చల్లటి వేళ్ళు తమ్ముడి మెడ చుట్టూ పాకాయి. గుడ్లగూబ రెక్కలు అతడి ముఖానికి తపతపా కొట్టుకున్నాయి. కపాలం తండ్రి గొంతుతో పిలిచింది... "చెయ్యి తీయరా నాన్నా, నొప్పెడుతోంది..." తమ్ముడు పసివాడిలా ఏడ్చాడు. అయినా చెయ్యి తీయలేదు. ధైర్యం వచ్చి కాదు, పట్టుకోవడానికి ఆ మాట తప్ప ఇంకేమీ మిగల్లేదు కాబట్టి!

బయట ఉన్న కాస్త వెలుగూ సన్నగిల్లింది. మాంత్రికుడి ముఖంలో మొదటిసారి కంగారు కనిపించింది. వాడే సుత్తి అందుకున్నాడు.

"తీయి చెయ్యి!"

తీయలేదు. ఆగ్రహోన్మత్తుడై వాడు సుత్తి ఎత్తి, ఆ చేతి మీదే బలమంతా పెట్టి కొట్టాడు! ఎముక విరిగిన చప్పుడు. మేకు మొన కాదు, మేకు తల అరచేతిలోకి దిగింది. తమ్ముడి నెత్తురు మేకు మీదుగా చెక్క మీదికి కారింది. "ప్రభువా..." అన్నాడతడు, ఇక గొంతులో శబ్దమే లేదు.

వాన ఆగిపోయింది.

ఉరుము లేదు, గాలి లేదు. ఆ మహానిశ్శబ్దంలో మాంత్రికుడు రెండోసారి సుత్తి ఎత్తి, ఎత్తిన చేత్తోనే కొయ్యబారిపోయాడు. వాడి చూపు తమ్ముడి భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది. అక్కడ వాడికి ఏం కనిపించిందో తమ్ముడికి ఈనాటికీ తెలియదు. తల తిప్పి చూసే ధైర్యం అతడికి లేకపోయింది. వీపుకి మాత్రం, చలికాలపు పొద్దుటెండ తగిలినట్టు వెచ్చగా ఉంది.

"వద్దు..." అన్నాడు మాంత్రికుడు. "నువ్వు... నువ్వు ఇక్కడికి..."

కపాలం ఫెళ్ళున పగిలింది! అందులో బంధించి ఉన్న గొంతులన్నీ పెద్ద నిట్టూర్పులా వెలువడి, తెరిచిన తలుపులోంచి వెళ్ళిపోయాయి. పెట్టె మీది మేకులన్నీ ఒక్కొక్కటే వాటంతట అవే పైకి లేచి నేలరాలాయి. రాలినవి రాలినట్టే తుప్పు పొడి అయిపోయాయి. మాంత్రికుడి మణికట్ల మీద, భుజాల మీద, పాదాల మీద, చివరగా నుదుటి మీద నల్లటి మచ్చలు లేచాయి. నోరు తెరిచిన పెట్టె వాడి ప్రాణాన్నే అడిగింది! వాడు అరిచిన అరుపుకి వీధి అద్దాలు పగిలాయి. అంత పొడుగు మనిషీ పచ్చి చెక్క ఎండి ముడుచుకున్నట్టు ముడుచుకుని, పెట్టె పక్కనే కుప్పకూలాడు.

లోపలి గదిలో ఎవరో దగ్గారు. ఆ తర్వాత అక్క గొంతు, నీరసంగా, అచ్చం తన గొంతే. "ఒరేయ్... చెయ్యికేమైందిరా?"

మర్నాడు ఎండ కాసింది. ఆ శవం కోసం ఎవరూ రాలేదు. వీధిలోవాళ్ళు దాన్ని తగలబెట్టి బూడిద ఊరవతల పారెయ్యమన్నారు. అక్క ఒప్పుకోలేదు. బతికుండగా అంత పొడుగున్న వాడు ఇప్పుడు అక్క కొలతతో చేసిన పెట్టెలో ఇంకా చోటు మిగిలేలా ఉన్నాడు. కుర్చీలోంచి లేవలేని స్థితిలోనే ఆమె పాత గుడ్డ పీకించి, కొత్త తెల్లగుడ్డ కుట్టి ఇచ్చింది. అతికించాక తమ్ముడి వైపు చూసింది. ఇవాళ పడుకుని చూడాల్సింది ఎవరో అతడికి అర్థమైంది.

ఆ పెట్టెలోకి దిగడానికి అతడు పడ్డ భయం నిన్నటి భయం కన్నా తక్కువేమీ కాదు. పళ్ళు టకటకలాడుతుండగా పడుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, నోటికొచ్చిన నాలుగు మాటలతో ఆ పోయినవాణ్ణి ప్రభువు చేతిలో పెట్టాడు. లేచి, శవాన్ని పడుకోబెట్టించి, కట్టుకట్టిన కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని, ఎడం చేత్తో తమ దుకాణం మేకులే కొట్టాడు. తలవైపు ఆఖరి మేకు దగ్గర సుత్తి ఆగింది. దాన్ని పూర్తిగా దిగ్గొట్టేయాలని, పైన ఇంకో పది కొట్టాలని అతడి ఒళ్ళంతా తహతహలాడింది.

"అక్కా... వీడికి కూడానా?"

"నాన్న మనుషుల్ని ఏరి చెప్పలేదురా."

తమ్ముడు ఒకే ఒక్క దెబ్బ వేశాడు. మేకు సగం దిగింది. ఇంకా వణుకుతున్న చేత్తోనే సుత్తి పక్కన పెట్టేశాడు.