నడుస్తూ తినే అబ్బాయి

ఎడిసన్ స్టేషన్‌లో ఏడు ఇరవై రెండు ట్రైన్ వచ్చేసరికి శశికాంత్ నోట్లో సగం ఇడ్లీ ఉంది, చేతిలో ఒకటిన్నర ఇడ్లీ ఉంది, ఎదురుగా ఒక అమ్మాయి ఉంది. మొదటి రెండు సంగతులూ అతనికి తెలుసు. మూడోది చూసుకోలేదు.

కారప్పొడి, నెయ్యి పూసిన ఇడ్లీ ఆమె క్రీమ్ కలర్ కోటు భుజానికి అంటుకుని, కాసేపు అక్కడే ఉందామా అని ఆలోచించి, కింద పడింది.

"సారీ! సో సారీ!"

ఆమె భుజం వైపు చూసుకుంది. వేలితో తాకి వాసన చూసింది. "నువ్వుల కారమా?" అంది తెలుగులో.

శశికాంత్ తలూపాడు. తెలుగమ్మాయి అయినందుకు సంతోషించాలో భయపడాలో తేలలేదు.

"నడుస్తూ ఎందుకు తింటారండీ?"

"నడుస్తూ తింటే ఏమవుతుంది?"

ఆమె భుజం చూపించింది. "ఇదవుతుంది."

కింద పడ్డ ఇడ్లీని ఆమే టిష్యూతో తీసి, చుట్టి, చిన్న కవర్లో పెట్టి, ఆ కవర్ని బ్యాగ్‌లో వేసుకుంది.

"అక్కడ డస్ట్‌బిన్ ఉందండీ, పదడుగుల్లో."

"అలవాటైపోయింది. చెత్త ఇంటికి తీసుకెళ్తాను" అంది. ట్రైన్ తలుపులు తెరుచుకున్నాయి.

ఆ రోజు సాయంత్రం దాకా శశికాంత్ ఆఫీస్‌లో ఇన్సూరెన్స్ డేటా చూస్తూ ఆ మాటే తలుచుకున్నాడు. తన ఇడ్లీని బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్ళిన అమ్మాయిని మర్చిపోవడం కష్టం.

*

ఆమె పేరు రాగిణి. కరీంనగర్ అమ్మాయి. వైద్య పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో మూడేళ్ళు జపాన్‌లోని కోబేలో పనిచేసి, జూన్‌లో న్యూవార్క్ ఆఫీస్‌కి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చింది. ఈ వివరాలన్నీ రాబట్టడానికి శశికాంత్‌కి నాలుగు ట్రైన్లు పట్టాయి.

ఐదో రోజు ఆమె ఒళ్ళో లంచ్ బాక్స్ ఉంది. మూత తీయలేదు. మెట్రోపార్క్ స్టేషన్ దాటగానే ఆమె కడుపు గుర్రుమంది.

"అది మీ కడుపా, ట్రైన్ బ్రేకా?"

"ట్రైనే" అంది రాగిణి కిటికీలోకి చూస్తూ.

"తినొచ్చు కదండీ. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు."

"అక్కడా ఎవరూ ఏమీ అనలేదు." మూత మీద చెయ్యి పెట్టి చెప్పింది. "కోబే వెళ్ళిన మూడో రోజు. ఆఫీస్‌కి లేటవుతోందని ట్రైన్‌లో పెసరట్టు తిన్నా, అల్లం పచ్చడితో. పెట్టె నిండా జనం. ఒక్కరూ నా వైపు చూడలేదు. పక్కనున్న ముసలావిడ దిగబోతూ నా చేతిలో ఒక తడి టిష్యూ, ఖాళీ కవర్ పెట్టి, తల వంచి వెళ్ళిపోయింది. నవ్వింది కూడా."

"అంతేనా?"

"అంతే. తిట్టి ఉంటే అదే రోజు మర్చిపోయేదాన్ని."

అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో అవమానం లేదు. ఇష్టమైన టీచర్ గురించి చెబుతున్నట్టుంది. అక్కడ నడుస్తూ తినరట. బండి దగ్గర కొంటే ఆ బండి పక్కనే నిలబడి తినేసి, వండినాయనకి థాంక్స్ చెప్పి కదులుతారట. తినడానికి ముందు చేతులు జోడిస్తారట. తిండి కోసం ఎవరెవరు కష్టపడ్డారో వాళ్ళందరికీ చెప్పుకున్నట్టు.

"మరి దూరం వెళ్ళే ట్రైన్‌లో? ఆకలేస్తే?"

"దానికి స్టేషన్‌లో బాక్సులు అమ్ముతారు. లాంగ్ డిస్టెన్స్‌లో తినొచ్చు."

"ఈ ట్రైన్ స్పీడ్‌కి ఎడిసన్ నుంచి న్యూవార్క్ లాంగ్ డిస్టెన్సేనండీ."

రాగిణి నవ్వింది. బాక్స్ మాత్రం తెరవలేదు. న్యూవార్క్‌లో దిగి, ప్లాట్‌ఫామ్ చివర బెంచీ మీద కూర్చుని, కోటు సర్దుకుని, అప్పుడు మూత తీసింది. కదులుతున్న ట్రైన్‌లోంచి శశికాంత్ మెడ తిప్పి తిప్పి చూశాడు. అంత శ్రద్ధగా ఉప్మా తినే మనిషిని అతను చూసి పది నెలలైంది.

పది నెలల కిందట, డిసెంబర్‌లో, అతని తండ్రి పద్మనాభం చనిపోయారు. శశికాంత్ ఎనిమిదేళ్ళ వాడిగా ఎడిసన్ వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో టిఫిన్ తండ్రీకొడుకులు కలిసే తిన్నారు. ఆయన పోయాక తల్లి ఉమామహేశ్వరి ఆ ఇంట్లో ఉండలేక వేరే రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో ఉన్న కూతురు కృతి దగ్గరికి వెళ్ళిపోయింది. శశికాంత్ ఉండిపోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో కూర్చుని ఒక్క ముద్ద తినలేదు. సింక్ దగ్గర నిలబడి తిన్నాడు, కార్‌లో తిన్నాడు, ప్లాట్‌ఫామ్ మీద నడుస్తూ తిన్నాడు. ఆ ఇంట్లో కూర్చుంటే ముద్ద గొంతు దిగదు. ఇది ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి "టైమ్ ఎక్కడుందండీ" అని నవ్వేవాడు.

ఆ ఉప్మా చూసిన మర్నాటి నుంచి రాగిణి ముందు నడుస్తూ తినడం మానేశాడు. స్టేషన్ బయట కార్‌లోనే ముగించి వచ్చేవాడు.

"ఇవాళ టిఫిన్ అయిందా?" అని అడిగేది రాగిణి.

"అయింది."

"ఎక్కడ?"

"కూర్చునే తిన్నాను."

"స్టీరింగ్ ముందా?"

ఆమెకి ఎలా తెలుస్తుందో అతనికి అర్థమయ్యేది కాదు. అద్దంలో చూసుకుంటే గడ్డం మీద కారప్పొడి ఉండేది.

*

అక్టోబర్ చివర్లో ధైర్యం చేసి, ఎడిసన్‌లోనే ఒక చిన్న జపనీస్ రెస్టారెంట్‌కి పిలిచాడు. "కోటు పాడు చేసినందుకు" అన్నాడు.

"కోటు ఎప్పుడో వాష్ అయిందండీ."

"నా మనసు ఇంకా వాష్ అవలేదు."

"అబ్బా" అంది రాగిణి. కానీ వచ్చింది.

రెండు వారాలు వీడియోలు చూసి, వేరుశెనగ గింజలతో ప్రాక్టీస్ చేశాడు శశికాంత్. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. వాటితో మనుషుల్ని చూపించకూడదు. గిన్నెల్ని లాక్కోకూడదు. అన్నీ నేర్చుకున్నాడు. ఆమె చేతులు జోడించినప్పుడు తనూ జోడించాడు. ఆమె కళ్ళలో మెచ్చుకోలు కనిపించింది.

ఆ మెచ్చుకోలే కొంప ముంచింది.

చిలగడదుంప టెంపురా, అంటే వాళ్ళ బజ్జీ, వచ్చింది. మొదటి ముక్క చాప్‌స్టిక్స్‌తో ఒడుపుగా ఎత్తి, ఆమె వైపు చాచాడు. "ఇంకా ఎంగిలి కాలేదు. ఫస్ట్ మీరే తీసుకోండి."

తెలుగింటి ప్రేమంతా ఆ మాటలో ఉంది. రాగిణి అలవాటుగా తన చాప్‌స్టిక్స్ చాచింది. ముక్క తగలగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. ముక్క సాస్‌లో పడింది.

"ఏమైంది?"

"ఏం లేదు. ప్లేట్‌లో పెట్టండి, తీసుకుంటాను."

"తప్పు చేశానా? చెప్పండి, నేర్చుకుంటాను."

ఆమె తటపటాయించింది. తర్వాత మెల్లగా చెప్పింది. "పుల్ల నుంచి పుల్లకి అలా అందించరు. అక్కడ అలా అందించేది ఒక్కచోటే. దహనం అయ్యాక ఇంట్లోవాళ్ళు చుట్టూ నిలబడి, ఎముకల్ని చాప్‌స్టిక్స్‌తో తీసి, ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ పాత్రలో పెడతారు. పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా. లోపల మనిషి తలకిందులుగా ఉండకూడదని."

శశికాంత్ చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు.

తండ్రిని అతనికి ఒక పెట్టెలో ఇచ్చారు. శ్మశానం ఆఫీస్ కౌంటర్ దగ్గర, బూడిదగా. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, "హ్యావ్ ఎ గుడ్ డే" అని అలవాటుగా అని, నాలుక కరుచుకుంది అక్కడున్న అమ్మాయి. పెట్టెని ప్యాసింజర్ సీట్లో పెట్టి బెల్ట్ వేశాడు. నాన్నని చేత్తో తాకే అవకాశం మళ్ళీ రాలేదు. ఎక్కడో కోబేలో ఒక కొడుకు పాదాల దగ్గర మొదలుపెట్టి, పక్కన అక్క, అమ్మ అందుకుంటుండగా, తండ్రిని ఒక్కో ముక్కా ఎత్తి పెడుతున్నాడు. ఆ కొడుకు మీద శశికాంత్‌కి అసూయ కలిగింది.

"ఒక కాల్ చేసుకుని వస్తాను" అని బయటికి వెళ్ళాడు. పావుగంటకి వచ్చాడు. ఏమీ తినలేదు. ఆమెని ఇంటి దగ్గర దింపేదాకా సీట్ హీటర్ గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు.

*

సోమవారం ఏడు ఇరవై రెండులో రాగిణి లేదు. మంగళవారం లేదు. బుధవారం మెసేజ్ పెట్టాడు: "హెల్త్ ఓకేనా?" జవాబు: "ఓకే అండీ." రోజూ వినే 'అండీ'యే ఈసారి అతన్ని ట్రైన్ కింద తోసినంత పని చేసింది.

గురువారం వాన. ఏడు ఇరవై రెండు వచ్చింది, వెళ్ళింది. శశికాంత్ ఎక్కలేదు. తర్వాతి ట్రైన్‌కి నిమిషం ముందు, ప్లాట్‌ఫామ్ అవతలి చివర నీలం గొడుగు కనిపించింది. వానలో తడుస్తూ పరుగెత్తాడు.

"రాగిణి గారూ!"

గొడుగు అదిరిపడింది. "మీరింకా వెళ్ళలేదా?"

"నా మీద కోపమైతే తిట్టండి. ట్రైన్ మార్చేస్తే ఎలా?"

"నాకేం కోపం? మీకు కదా కోపం వచ్చింది."

"నాకా!"

"నలుగురిలో మీ తప్పు ఎత్తి చూపించాను. కోబేలో నన్ను ఒక్క మాట అనలేదని గొప్పగా చెప్పి, నేను మాత్రం మీరు ప్రేమగా అందించిన ముక్క ముందు క్లాస్ పీకాను. మూడేళ్ళు అక్కడుండి ఏం నేర్చుకున్నట్టు?" ఆమె ముక్కు ఎర్రబడింది. "మీ మొహం చూడలేక లేట్ ట్రైన్ ఎక్కుతున్నా. రోజూ మీటింగ్ మిస్సవుతోంది."

శశికాంత్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. వాన చప్పుడులో, మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. డిసెంబర్ గురించి, ప్యాసింజర్ సీట్ గురించి, ఇంట్లో కూర్చుంటే గొంతు దిగకపోవడం గురించి.

ట్రైన్ వచ్చి వెళ్ళింది. ఇద్దరూ చూడలేదు.

"ఇన్నాళ్ళూ జోకులేశారు. ఈ ఒక్క మాట చెప్పలేదు" అంది రాగిణి.

"చెబితే మీరు కూడా అందరిలా జాలిగా 'అయ్యో పాపం అండీ' అంటారని."

ఆమె గొడుగు అతని మీదికి జరిపింది. "శనివారం భోజనానికి వస్తాను."

"ఎక్కడికి?"

"మీ ఇంటికి. వంట మీదే. బయట తిందామంటే మళ్ళీ ట్రైన్ మారుస్తా."

*

శనివారం పన్నెండున్నరకి వచ్చింది. బీరకాయ పప్పు, వంకాయ కూర, అన్నం సిద్ధంగా ఉన్నాయి. డైనింగ్ టేబుల్ మాత్రం పది నెలల ఉత్తరాల కింద కనిపించడం లేదు. రాగిణి ఒక కట్ట ఎత్తి సోఫా మీద పెట్టింది. అతను ఇంకో కట్ట ఎత్తాడు. ఆరుసార్లకి టేబుల్ బయటపడింది.

రెండు కంచాలు పెట్టాడు. వడ్డించాడు. కూర్చుని, వెంటనే లేచాడు. "మంచినీళ్ళు మర్చిపోయాను." తెచ్చాడు. మళ్ళీ లేచాడు. "ఉప్పు." ఆ తర్వాత ఆవకాయ. ఆ తర్వాత అప్పడాలు. తర్వాత తేవడానికి ఏమీ మిగల్లేదు, అయినా కిచెన్‌లో నిలబడ్డాడు.

"మీరు కానివ్వండి" అన్నాడు అక్కడి నుంచి.

తొంగి చూశాడు. రాగిణి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పప్పు మీద పొగ తగ్గిపోతోంది. ఆమె కడుపు గుర్రుమంది. ఈసారి నెపం వేయడానికి ట్రైన్ కూడా లేదు.

"ఆకలేస్తోంది కదా, తినండి!"

"అందరూ కూర్చునేదాకా మొదలుపెట్టను."

"నా వల్ల కాకపోతే?"

"అప్పుడు ఇద్దరం ఆకలితో ఉందాం. నాకు తొందరేం లేదు."

తనొక్కడైతే అతను పస్తులుండగలడు. ఆమెని ఉంచలేడు. వచ్చి కూర్చున్నాడు. ఆమె చేతులు జోడించింది. అతనూ జోడించాడు. పప్పన్నం కలిపి మొదటి ముద్ద పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. దిగింది. రెండో ముద్ద కలుపుతుంటే కళ్ళు కారాయి. రాగిణి తన కంచంలో వంకాయ ముక్క వైపే శ్రద్ధగా చూస్తూ తింది.

కాసేపటికి అతనే అన్నాడు. "ఒకటి చెప్పాలి. ప్రాక్టీస్ చేసిన మాట కాదు."

"వేరుశెనగ గింజలతో చేయలేదా?"

"రోజూ మీతో ఇలా కూర్చుని తినాలనుంది."

రాగిణి చెయ్యి కంచంలో ఆగింది. "రోజూ అంటే? వీక్‌డేస్ కూడానా?"

"వీక్‌డేస్ కూడా."

"ఏడు ఇరవై రెండు ట్రైన్ అంటే ఆరింటికే లేవాలి."

"లేస్తాను."

"అయితే ఈ 'మీరు', 'అండీ' ఎందుకు? ఎదురుగా కూర్చుని తింటూ" అంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆవకాయ వల్ల అయితే కాదు.

అప్పుడే ఫోన్ మోగింది. అమ్మ, వీడియో కాల్. శశికాంత్ ఎడం చేత్తో ఎత్తాడు.

"ఏరా, ఎక్కడున్నావ్?"

"ఇంట్లోనే అమ్మా. భోంచేస్తున్నా."

ఉమామహేశ్వరి కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ దగ్గరికి వచ్చింది. కొడుకు ముందున్న కంచాన్ని, వెనకున్న గోడని గుర్తుపట్టింది. ఇన్నాళ్ళూ కాల్ చేసినప్పుడల్లా అతను సింక్ దగ్గరో కార్‌లోనో తింటూ కనిపించేవాడు.

"కూర్చుని తింటున్నావా?"

"కూర్చునే అమ్మా."

"పక్కన ఇంకో కంచం కనిపిస్తోంది."

"నమస్తే ఆంటీ. నేను రాగిణిని" అంది ఆమె స్క్రీన్‌లోకి వంగి.

"నమస్తే అమ్మా. వాడు నెయ్యి వేశాడా నీకు?"

"వేయలేదు ఆంటీ."

"మర్యాద లేని వెధవ!" ఆమె పైట కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "శశీ, నాకు టికెట్ బుక్ చేయి."

"ఎప్పటికమ్మా?"

"దొరికినప్పటికి. కృతి వాళ్ళ అత్తగారు వస్తున్నారు, పాపని చూసుకుంటారు. నేను మన ఇంటికి వచ్చేస్తాను."

శశికాంత్ కుడి చెయ్యి గబగబా కడుక్కుని వచ్చి ఫ్లైట్స్ వెతకడం మొదలుపెట్టాడు. రాగిణి స్క్రీన్‌ని అరచేత్తో మూసింది.

"ఫ్లైట్స్ ఎక్కడికీ పోవు. ముందు నువ్వు తిను."

ఆ అరచేతి కింద నుంచి షామ్‌బర్గ్ గొంతు వినిపించింది.

"హా, అలా గట్టిగా చెప్పమ్మా! నేనొచ్చేదాకా ఆ పని నీదే."

శశికాంత్ ఫోన్‌ని పక్కన పెట్టి, కంచం దగ్గరికి లాక్కుని, మజ్జిగ కోసం అన్నం వడ్డించుకున్నాడు. ఆమెకీ వడ్డించాడు.