ఉప్పునీటి ఐసు

ఐసులో ఉప్పు కావాలని అడిగిన మొదటి మనిషి ఉజ్వల. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మహీధర్ వాళ్ల నాన్న ఐస్ ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి ఐసు శుభ్రంగా లేదని కొట్లాడినవాళ్లే తప్ప, ఉప్పు కలిపి గడ్డకట్టించమన్నవాళ్లు లేరు.

"ఉప్పు ఐసు ఇస్తే మొజంజాహీ మార్కెట్ల జూస్ షాపోళ్లు నన్ను తంతరు మేడమ్," అన్నాడు మహీధర్.

"నాకు ఐసు ఇయ్యకండి. మీ కోల్డ్ రూమ్‌ల జర జాగ ఇయ్యండి చాలు. నీళ్లు నేనే తెచ్చుకుంట."

మర్నాడే హిమాయత్‌నగర్ నుంచి ఆటోలో నీలం డ్రమ్ము దిగింది. అందులో సముద్రపు నీళ్లంత ఉప్పగా ఆమె కలిపిన నీళ్లు.

ఆమె పరిశోధన చేసే పిల్ల. వాళ్ల కాలేజీలో ఫ్రీజర్ పాడైందట. చేతులు రుద్దుకుంటూ తన పనేమిటో మహీధర్‌కు చెప్పింది. సముద్రం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది, మళ్లీ వదులుతుంది. చలి దేశాల్లో నీళ్ల మీద మంచు కడితే అది మూతలా పడి ఈ రాకపోకలను ఆపేస్తుందని చాలాకాలం అనుకున్నారట. కానీ నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఉప్పూ, నీళ్లలో కరిగిన ఆ వాయువూ మంచులో ఇమడక సన్నని సందుల్లోకి తోసుకుపోతాయి. ఆ వాయువులో కొంత కిందికి దిగి సముద్రంలో కలుస్తుంది. కొంత పైకి చేరి గాలిలోకి పోతుంది. ఎంత ఎటు పోతోందో కొలవడమే ఆమె పని. టబ్బు చుట్టూ థర్మోకోల్ చుట్టి, పైన మూత బిగించి, మూతలో కొలిచే పరికరం పెట్టింది. ఆ లెక్క సరిగా వస్తే, చలికాలమంతా ఉత్తర ధ్రువ సముద్రపు మంచులో ఉండే ఓడలో ఆమెకు చోటు దొరుకుతుంది.

"అక్కడ ఫోన్ పనిచేస్తదా?" అని అడిగాడు మహీధర్.

చేసిన రోజు చేస్తుంది, లేని రోజు లేదంది. అప్పటికి ఆ జవాబు అతన్ని ఏమీ చేయలేదు. పది రోజులు గడిచాక అదే జవాబు అతనికి అన్నం సహించనివ్వలేదు.

ఆమె రోజూ వచ్చేది. మహీధర్ ఇచ్చిన స్వెటర్ వేసుకుని కోల్డ్ రూములోకి పోయి, ముక్కు ఎర్రబడి బయటికొచ్చేది. ఆబిడ్స్‌లో చాయ్ తాగడానికి ఒకే గొడుగులో నడిచారు. 'మీరు' ఎప్పుడు పోయిందో, 'నువ్వు' ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ తెలియదు.

"ఐస్ ఫ్యాక్టరీ ఓనర్‌కు గింత చెమటలేంది?" అని గొడుగు కింద నవ్వేది. ఏం చెప్తాడు? ఆమె పని ఎంత బాగా సాగితే ఆమె అంత తొందరగా వెళ్లిపోతుంది. ఆ పనికి చలి ఇస్తున్నది తానే.

తప్పు జరిగింది మాత్రం ప్రేమవల్ల కాదు, వృత్తివల్ల. మొదటిసారి కట్టిన ఉప్పు ఐసు పాలలా తెల్లగా వచ్చింది. ఐసు వాళ్లకు తెల్లగడ్డ అంటే నామోషీ. గాజులా రావాలంటే గడ్డకట్టే నీళ్లలోకి సన్నని గొట్టంతో గాలి వదులుతారు. ఓడవాళ్లకు లెక్క పంపాల్సిన రెండో గడ్డ అయినా అద్దంలా ఉండాలని, ఉజ్వల కాలేజీకి పోయినప్పుడు మహీధర్ మూత కిందికి గొట్టం దూర్చాడు.

ఉజ్వల వచ్చి లాప్‌టాప్ చూసింది. కొలత చూపే గీత పిచ్చిపట్టినట్టు పైకీ కిందికీ ఎగురుతోంది. గొట్టం ఎవరు పెట్టారని అడిగింది. నేనేనన్నాడు, మెచ్చుకుంటుందనుకుని.

ఆమె అక్కడే కూలబడింది. తను కొలవాల్సిన గాలిని అతను ఊది పారేశాడు. ఆ తెలుపే, ఆ సందులే తనకు కావాల్సినవి. ఇంకొక్క గడ్డ కట్టడానికే వ్యవధి ఉంది.

"నేను పోవద్దనే చేసినవా?"

కాదు అనడానికి మహీధర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. చెడిపోయిందని వినగానే, రెప్పపాటు, అతని గుండె సంతోషంతో కొట్టుకుంది. ఆ సంతోషాన్ని దాచి కాదనడం అబద్ధమనిపించింది.

ఆ మౌనాన్నే ఆమె జవాబుగా తీసుకుంది. ఆబిడ్స్‌కు పోయి తాళం కొనుక్కొచ్చి, మూడో టబ్బు పెట్టి, కోల్డ్ రూముకు ఆ తాళం వేసి చెవి బ్యాగులో వేసుకుంది. మన తలుపుకు ఈ తాళమేందిరా అని మహీధర్ తండ్రి రాజేందర్ అడిగితే, కొడుకు తల వంచుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. కరెంటు పోయింది. రాజేందర్ మార్కెట్‌లో ఉన్నాడు. ఉన్న జనరేటర్ ఒక్కదానికే సరిపోతుంది. పెళ్లి ఆర్డరు గడ్డలు కట్టే ట్యాంకుకు వేయాలి, లేదా కోల్డ్ రూముకు.

మహీధర్ స్విచ్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ట్యాంకుకు వేస్తే ఎవరూ తప్పు పట్టరు. ఉప్పు ఐసు కరుగుతుంది, తప్పంతా వాన మీద పోతుంది. ఆమె ఇక్కడే ఉండిపోతుంది. అయినా కోల్డ్ రూముకు వేశాడు.

ఉజ్వల నిలువునా తడిసి వచ్చింది. తాళం తీసి లోపలికి పరుగెత్తింది. బ్యాటరీ మీద నడుస్తున్న లాప్‌టాప్‌లో గీత సన్నగా, ఎక్కడా తెగకుండా, తొందర లేకుండా పైకి పాకుతోంది.

అప్పుడే వచ్చిన రాజేందర్, పెళ్లివాళ్లకు ఏం ముఖం చూపించాలని కొడుకును తిట్టాడు. ఉజ్వల వెనక్కి తిరిగింది.

"పెళ్లి ఆర్డరు ఇడిచిపెట్టి దీన్ని కాపాడినవా?"

"నువ్వు అనుమానపడ్డది సగం నిజమే," అన్నాడు మహీధర్. "గొట్టం కావాలని పెట్టలే. కానీ ఖరాబైందంటే ఒక్క క్షణం ఖుషీ అయిన. ఇందాక గూడ స్విచ్ కాడ చానసేపు నిలబడ్డ. నువ్వు పోతే నాకు మంచిగుండదు. నువ్వు పోకుంటే నీకు మంచిగుండదు. గంతే."

ఉజ్వల తడి జుట్టు వెనక్కి తోసుకుంది. ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్లుగా చూస్తోందో మహీధర్‌కు తెలియదు.

"ఆ పొద్దు నేను గూడ ఖుషీ అయిన," అంది మెల్లగా. "ఇగ పోయేదుండదు, ఈడనే ఉంటనని. నా మీద నాకే భయమై నిన్ను తిట్టిన. నువ్వు దీన్ని కరగనిస్తే నేను హైదరాబాద్‌లనే ఉండేదాన్ని మహీ. నీ దగ్గర మాత్రం ఉండేదాన్ని కాదు."

ఉజ్వల కోల్డ్ రూము తలుపు దగ్గరికి వేసింది. ఈసారి తాళం వేయలేదు.

రాజేందర్ గొంతు సవరించుకున్నాడు. పోయేవాళ్లు పోయాక చెప్పుకున్న మాటలు ఎవరికీ చేరవని, భార్యను దవాఖానలో పోగొట్టుకున్న ఆ మనిషికి బాగా తెలుసు.

"బిడ్డా, నువ్వు ఓడ ఎక్కకముందే మీ అమ్మతోని మీ ఇద్దరి సంగతి మాట్లాడాలె. ఎప్పుడు రమ్మంటవ్?"

"ఇప్పుడే రండి అంకుల్. ఇంట్లనే ఉంది."

రాజేందర్ తన బురద చెప్పుల వైపు, కొడుకు చిరిగిన బనియన్ వైపు చూశాడు.

"నువ్వు పోయి జర మంచి అంగి వేస్కోరా," అన్నాడు. "ఆటో నేను ఆపుత."