అత్తమ్మ జడ

తలుపు తీయగానే సుచిత్ర గుండె భగ్గుమంది. అత్తమ్మ జడ మళ్ళీ పనిమనిషి అండాలమ్మ చేతిలో ఉంది!

అవి సకల జనుల సమ్మె రోజులు. ఆఫీసుకని ఎల్‌.బి.నగర్ చౌరస్తా దాకా వెళ్ళి, బస్సుల్లేక ఇంటికి తిరిగొచ్చింది సుచిత్ర. వెనక గల్లీలోనే ఉండే అండాలమ్మకు మాత్రం ఏ సమ్మే అడ్డం రాలేదు!

అత్తగారు రాధమ్మ కళ్ళు మూసుకుని, "జర గట్టిగ గీకు అండాలూ... ఆ, గాడ్నే!" అంటూ నవ్వుతోంది. ఆ నవ్వు కోడలికి ఒక్కనాడైనా దక్కిందా? దిల్‌సుఖ్‌నగర్ అంతా తిరిగి సుచిత్ర తెచ్చిన నూనెసీసాని "ఎందుకు బిడ్డా నీకు తిప్పలు" అని అల్మారాలో దాచిన మనిషేనా ఈవిడ? ఆ సీసా ఇప్పుడు మూత తీసి ఉంది... అండాలమ్మ ఒళ్ళో!

"ఏంది అత్తమ్మా ఇది! నన్నడిగితే నేను దువ్వనా? నేను సచ్చిన్నా ఏంది?" సుచిత్ర చేతిసంచీని కుర్చీలో పడేసింది.

అండాలమ్మ గాబరాగా లేచింది. "నేనేం జెయ్యాలె సుచిత్రమ్మా? నేనొచ్చేసరికే గిన్నెలన్నీ తోమిపెడ్తవ్, ఇల్లు ఊడ్చిపెడ్తవ్. ఉత్తగ కూసొని జీతం తీస్కుంటే నాకు సిగ్గు గాదా? గందుకే పెద్దమ్మకు తల దువ్వుతున్న!"

నిజమే! తన ఎంగిలి కంచం ఇంకొకరు కడగడమంటే సుచిత్రకు ఒళ్ళు ముడుచుకుపోతుంది. "అన్నీ నువ్వే చేస్కుంటే గా జీతమేదో నాకే ఇయ్యరాదే!" అని భర్త విజయ్‌కుమార్ ఏడిపిస్తుంటాడు. అంటే... తనకు పోటీని తానే జీతమిచ్చి మరీ కూర్చోబెట్టుకుందా!

"మరి నన్నెందుకు అడగలే అత్తమ్మా?" కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"ఎట్ల అడగాలె బిడ్డా?" రాధమ్మ కళ్ళూ చెమర్చాయి. "పోచంపల్లిల మగ్గం నేసి నేసి నా భుజం పైకి లేస్తలేదు. గా సంగతి చెప్తే అదీ నెత్తినేస్కుంటవ్. గిన్నెలు తోముకుంట, సగం జడేస్కొని బస్సుకు ఉరుకుతున్నవ్... అండాలుకైతే జీతమిస్తున్నం, నోరిడిచి అడిగిన. నిన్నడగాలంటే... పాణం ఒప్పలే!"

సుచిత్ర ఆమె ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు పొద్దున సింకు నిండా గిన్నెలు. కడిగేద్దామని చేతులు ఎంత లాగినా సుచిత్ర వాటిని ముట్టుకోలేదు. అండాలమ్మ వచ్చి చూసి నోరు తెరిచింది.

"ఓయమ్మో! రాత్రి చుట్టాలొచ్చిన్రా?"

"లేదు... మనయే," అని సిగ్గుపడుతూ సుచిత్ర హాల్లోకి వెళ్ళి, దువ్వెన తీసుకుని అత్తమ్మ వెనక కూర్చుంది.

"నెమ్మదే! జుట్టంత పీకుతున్నవ్! అండాలు చెయ్యే మంచిగుండె..." రాధమ్మ విసుక్కుంది.

సుచిత్ర మనసు చివుక్కుమంది. కానీ ఎదురుగా ఉన్న అద్దంలో అత్తమ్మ కళ్ళు మూసుకుని నవ్వుతోంది... అదే నవ్వు!

వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్కసారిగా ఎక్కువైంది.