పాతరలో మేకు

పొద్దుగూకాక కేకల బిలం దగ్గర ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకకూడదంటారు. వినుకొండ నుంచి మా ఊరికి వచ్చే దారిలో, మిరప చేలు అయిపోయి గుట్ట మొదలయ్యేచోట ఉంటుంది ఆ బిలం. పట్టపగలు కూడా దాని నీడన ఎవరూ సద్దిమూట విప్పరు.

లోపలికి ఇరవై అడుగులు నడిస్తే, పైనుంచి నీళ్ళు చుక్క చుక్కగా కారి కారి పెరిగిన నిలువెత్తు సున్నపురాయి ఒకటుంది. ఊరు దాన్ని స్వామి అని మొక్కుతుంది. దాని పక్కనే పాతర — నలభై అడుగుల నిలువు గొయ్యి. అడుగున గబ్బిలాల పెంట. ఆ ఎరువు పడితే మిరప నారు ఎంత ఏపుగా లేస్తుందో ఇక్కడి రైతులందరికీ తెలుసు. దాన్ని ఎవరు దిగి తెస్తారన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

దిగేది యేసుపాదం. గోతి ఒడ్డున ఉన్న ఒక రాతికొమ్ముకి మోకు కట్టి, నడుముకి గోనెసంచి చుట్టుకుని దిగేవాడు. కొమ్ము అంచుకి మోకు ఒరుసుకుపోతోందనీ, గోడకి రెండు ఇనప మేకులు కొట్టి కడియాలు బిగిస్తే చాలనీ మూడేళ్ళు బిలం కమిటీని అడిగాడు. కమిటీ అంటే బుల్లయ్యగారే. ఆ ఎరువంతా వెళ్ళేదీ ఆయన చేలోకే.

"స్వామి ఒంట్లో మేకులు కొట్టమంటావేంట్రా?" అన్నాడాయన.

"స్వామికి కాదండీ... ఇటుపక్క గోడకి."

"బిలమంతా స్వామేరా. మేకు దించితే రాయి విచ్చుకుంటుంది. పైగా కడియాలుంటే అడ్డమైనవాడూ దిగుతాడు."

అంతే, తేలిపోయింది. రెండువేల ఒకటి మే నెలలో మోకు తెగింది.

ఆ ఏడు చివర్లోనే, మళ్ళీ వేసవికని ఆ పనిలోకి యేసుపాదం తమ్ముడు ప్రకాష్‌ని మాట్లాడుకున్నారు. అదే పాతర, అదే కొమ్ము. యేసుపాదం భార్య పున్నమ్మ ఒక్కతే కమిటీ ముందుకెళ్ళి నిలబడింది. మేకులు కొట్టించందే మరిదిని దిగనివ్వనంది. వాళ్ళు మళ్ళీ స్వామి ఒళ్ళు అన్నారు.

"మా యేసయ్య ఒంటికి మేకులు కొట్టారు బాబుగారూ. ఆయన ఓర్చుకున్నాడు. మీ స్వామి ఓర్చుకోడా?"

ఆ మాటకి ఆవిణ్ణి మెడపట్టి గెంటినంత పని చేశారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మేకు కొడితే దేవుడికి నొప్పని తెలిసినవాళ్ళకి, నలభై అడుగుల నుంచి పడితే మనిషికి నొప్పని తెలియదా?

ఆ చలికాలంలోనే మొదలైంది... చప్పుడు.

ఠంగ్...

కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ — ఠంగ్... ఠంగ్...

చీకటి పడ్డాక, బిలం కడుపులోంచి. బతికుండగా కొట్టనివ్వని మేకు యేసుపాదం చచ్చాక కొట్టుకుంటున్నాడని ఊరంతా అదే మాట. పొద్దుగూకితే ఆ దారిలో నడిచేవాడు లేడు.

ఇక జరిగింది బుల్లయ్యగారే చెప్పాడు, నా వెల్డింగ్ షాపు ముందు బెంచీ మీద కూర్చుని.

మార్చి నెల. గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్మి వస్తుంటే గుట్ట దగ్గర మోటారుసైకిలు పంక్చరైంది. బండి నడిపించుకుంటూ వస్తున్నాడు. వినపడింది — ఠంగ్... ఠంగ్...

ఆయనకి భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఎరువు దొంగలు అనుకున్నాడు. తన ఎరువు! బండి పడేసి, బ్యాటరీలైటు తీసుకుని బిలంలోకి జొరబడ్డాడు.

అడుగు పెట్టగానే చప్పుడు ఆగిపోయింది.

"ఎవడ్రా అది?"

...ఎవడ్రా అది... అంది బిలం.

స్వామి దాటాడు. ఇంకో రెండడుగులు. కాలికింద పెంట, జర్రున జారింది, లైటు చేతిలోంచి ఎగిరి పాతరలో పడింది — అది అడుగు చేరేదాకా గోడలన్నీ కనపడ్డాయి, తర్వాత ఏమీ లేదు — నడుం దాకా గోతిలోకి దిగిపోయాడు, గోళ్ళతో రాతిని గీరాడు, ఏదీ అందలేదు, ఇంకాస్త జారాడు... అప్పుడు చేతికి తగిలింది.

చల్లగా. గుండ్రంగా. ఇనప కడియం.

గోడకి దిగ్గొట్టి ఉంది. ఒంటిచేత్తో దానికి వేలాడాడు. ఆ వేలాడే చేతి మణికట్టుని, చీకట్లోంచి ఇంకో చెయ్యి వచ్చి పట్టుకుంది.

"వదలకండి బుల్లయ్యగారూ..." గుసగుస, చెవి పక్కనే. "మేకు గట్టిదే. రెండో చెయ్యి వెయ్యండి."

"ఎ... ఎవరు?"

పట్టు కొంచెం సడలినట్టనిపించిందట ఆయనకి. మళ్ళీ బిగిసింది.

"యేసుపాదాన్నండీ."

ఎలా పైకొచ్చాడో, ఎలా ఊళ్ళో పడ్డాడో ఆయనకే తెలియదు. మూడు రోజులు జ్వరం.

"వాడేరా పీరూ," అన్నాడు నాతో. "చచ్చినా గారూ అనడం మానలేదు వెధవ."

మురిసిపోతున్నాడు పెద్దమనిషి! చేతిలో సుత్తి ఉంది నాకు. పక్కన పెట్టేశాను.

ఆ మేకు పీకించేద్దామని కమిటీలో ఒకాయన అన్నాడట. ఈయనే అడ్డుపడ్డాడు. దెయ్యాన్ని మేకు కొట్టేగా బంధిస్తారు, పీకితే వాడు బయటికి రాడా అని. ఇకనుంచి మోకు ఆ కడియానికే కట్టాలనీ, కొమ్ము జోలికి పోవద్దనీ ప్రకాష్‌కి కబురు కూడా పంపారు. బతికున్న మనిషి మూడేళ్ళు చేతులు కట్టుకుని అడిగితే దొరకనిది, దెయ్యానికి ఒక్క రాత్రిలో దొరికింది. థూ!

బుల్లయ్యగారు వెళ్ళిపోయాడు. షాపులో నిలబెట్టిన ఇనప గేట్ల వెనక నుంచి పున్నమ్మ ఇవతలికొచ్చింది. అంతా వింది. అరచేతులు తోలు లేచిపోయి ఉన్నాయి. మొదటి మేకూ కడియమూ చేసిచ్చింది నేనే. ఉలితో రాతిలో బెజ్జం తొలవడానికి ఆవిడకి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు రెండోదాని కోసం వచ్చింది.

"నీ పేరు చెప్పకపోయావా?" అన్నాను.

"చెబితే తెల్లారేసరికి పీకించేవాడు. ఆడది కొట్టిన మేకు ఉంచుతారా అన్నా?"

నేను అడగాలనుకున్నది అది కాదు. అడగలేకపోయాను. ఆవిడకి అర్థమైంది.

"అనిపించింది పీరన్నా. గొంతు విని ఆయనే అని తెలిసాక... వదిలేద్దామనే అనిపించింది. వేళ్ళు తీశాను కూడా."

"మరి?"

"ఆయన పోతే మేకు కొట్టబట్టే స్వామి చంపాడనేవాళ్ళు." కడియం కొంగున ముడేసుకుంది. "ప్రకాష్ మళ్ళీ ఆ కొమ్ముకే కట్టుకోవాల్సొచ్చేది."