వేడినీళ్ల ఊటలో మర్చిపోయిన మనిషి

అరబ్బుల దేశంలో జల్లాఖ్ అనే ఊరు దాటి ఎడారిలోకి మళ్లితే రోడ్డు పక్కనే ఒక వేడినీళ్ల ఊట ఉండేది. ఆ ఊటకి మంచి పేరు లేదండి. పగలైతే ఫర్వాలేదు — లారీవాళ్లు ఆగి కాళ్లు కడుక్కునేవారు, క్యాంపుల్లో మనవాళ్లు శుక్రవారం సెలవునాడు బట్టలు ఉతుక్కునేవారు. పొద్దుగూకాక మాత్రం... ఇంజను మండిపోతున్నా సరే, ఏ డ్రైవరూ అక్కడ బండి ఆపేవాడు కాదు.

రాత్రిపూట వెళ్లినవాణ్ణి ఏదో పట్టేస్తుందంట. పట్టినవాడు తనది కాని గొంతుతో మాట్లాడతాడంట.

ఇదంతా నాకు చెప్పింది అక్కడి క్యాంపులో వంట చేసిన జగ్గారావు. అతని మాటల్లో ఉప్పూకారం కాస్త ఎక్కువే. ఎంత తగ్గించుకుంటారో మీ ఇష్టం.

ఆ క్యాంపు కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, ప్రపంచంలో రెండే భయాలు. ఒకటి వాళ్లావిడ, రెండోది దెయ్యం. పట్టినవాణ్ణి ఒక్కపూట కూడా క్యాంపులో ఉంచేవాడు కాదు. పాస్‌పోర్టు చేతిలో పెట్టి, సొంత డబ్బుతో విమానం ఎక్కించి, ఖలాస్, ఇంక అయిపోయింది, అనేవాడు. పెషావరు డ్రైవరొకడు అలాగే ఒప్పందం తీరకుండానే ఇల్లు చేరాడు. దాంతో నలుగురూ జడిసే ఊట మీద అదే క్యాంపులో పనిచేసే మన వెంకటరాజుకి భక్తి పుట్టింది.

వెంకటరాజుది రాజోలు దగ్గర పల్లె. తొంభై నాలుగు చలికాలంలో అతగాడి పెళ్లి కుదిరింది, మేనమామ కూతురు సత్యదుర్గతో. మావయ్య ఫోనులో తెగేసి చెప్పాడు. ఈ మాఘమాసం ముహూర్తం దాటితే మూఢం వచ్చేస్తుంది, మళ్లీ ఎన్నాళ్లకో గానీ పెళ్లిళ్లు లేవు, అంతవరకూ పిల్లని కూర్చోబెట్టలేను, లైన్‌మేన్ సంబంధం గుమ్మంలో కాసుక్కూచుంది అన్నాడు. ఇంతలో సత్యదుర్గ ఫోను లాక్కుంది.

"బావా, నువ్వొస్తే నిన్ను చేసుకుంటాను. రాకపోతే బాగా ఏడ్చి, లైన్‌మేన్‌ని చేసుకుంటాను."

ఆ పిల్ల అన్నంత పనీ చేసే రకం. వెంకటరాజుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆమంటే అతనికి చిన్నప్పట్నుంచీ ప్రాణం.

సెలవడిగితే పని అయ్యేదాకా కుదరదన్నాడు కఫీల్. సరే, ఆ దెయ్యమేదో పట్టినట్టు నటిద్దామని వెంకటరాజు కఫీల్ ముందే పడి, కళ్లు తేలేసి, నానా కంగాళీగా పొర్లాడు. కఫీల్ వంగి చూశాడు. రెండు పనడాల్ బిళ్లలిచ్చి, యల్లా, పనికి పొమ్మన్నాడు.

"దొంగ దెయ్యానికి బిళ్లలేరా ఇస్తారు. నిజంది పట్టాలి," అన్నాడు జగ్గారావు.

ఇంక వేరే దారి లేకపోయింది. గురువారం రాత్రి వెంకటరాజు మొలతాడుకున్న ఆంజనేయస్వామి తాయెత్తు విప్పి జగ్గారావు చేతిలో పెట్టాడు. చేప వేయించి పొట్లం కట్టించుకున్నాడు. రాత్రిపూట నీచు పట్టుకెళ్తే ఏదీ వెంటబడకుండా అందులో బొగ్గుముక్క వేస్తాం కదా — జగ్గారావు అలవాటు కొద్దీ వేస్తే, తీసి అవతల పారేశాడు.

నడిచాడు...

రోడ్డు మీద పురుగు లేదు. దూరంగా గుట్ట నల్లగా, దాని పక్కన చమురుబావి మంట ఒకటి. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి — చలికేనని జగ్గారావుతో తర్వాత ఒట్టేసి చెప్పాడు లెండి. ఊట దగ్గరయ్యేకొద్దీ గాలి వెచ్చబడింది. నీళ్ల మీంచి తెల్లగా ఆవిరి లేస్తోంది.

ఆవిరిలో... ఒక తలకాయ.

మెడదాకా నీళ్లలో, కదలకుండా, ఇటే చూస్తోంది.

వెనక్కి పరిగెత్తబోయి ఆగాడు. సత్యదుర్గని తలుచుకున్నాడు, లైన్‌మేన్‌ని తలుచుకున్నాడు. పొట్లం విప్పి ముందుకు చాపాడు.

"చేపల బొగ్గు ఎయ్యలేదా, తమ్మీ?" అంది తలకాయ, గుసగుసగా.

తెలుగు! అదీ తెలంగాణ తెలుగు.

"కావాలనే వెయ్యలేదండి. మీరు... పట్టుకుంటారనండి."

తలకాయ నీళ్లలో కాస్త ముందుకొచ్చింది.

"టిక్కెట్టు ఉన్నదా?"

"లేదండి. మీరు పడితేనే వస్తుందండి."

తలకాయ పెద్దగా నిట్టూర్చింది. "నా కర్మ. టిక్కెట్టున్నోడు ఒక్కడు రాడు ఈడికి."

తర్వాత తన గోడంతా వెళ్లబోసుకుంది. పేరు లింబాద్రి, ఆర్మూరు దిక్కు. ఒళ్లునొప్పులని ఓ శుక్రవారం ఊటలో కూర్చుంటే గుండె ఆగిపోయింది. తోటివాళ్లు చందాలేసుకుని మనిషిని పెట్టెలో పెట్టి విమానంలో పంపించారు. "పీనుగును పంపిండ్రు, తమ్మీ. నన్ను మర్చిపోయిండ్రు." వట్టి ప్రాణానికి సముద్రం దాటే దారి లేదంట, ఎవరో ఒకరి ఒంట్లో కూర్చుని పోవాల్సిందే. ఏళ్లు చూసి చూసి విసుగొచ్చి ఆ పెషావరు డ్రైవర్ని పట్టాడు. తీరా పెషావరు వెళ్తే చలి, మాట తెలీదు, అక్కణ్ణుంచి ఆర్మూరుకి దారి చెప్పేవాడు లేడు. డ్రైవరు కొత్త వీసా మీద మళ్లీ వస్తే, అతని ఒంట్లోనే తిరిగొచ్చి ఊటలో దిగాడు.

వెంకటరాజుకి భయం పోయి జాలేసింది. ఎలాగూ వెళ్లేవాణ్ణే, నాతో వచ్చెయ్యండి అన్నాడు.

"బొంబాయిల దిగినంక ముందుగాల మా ఊరు. ఎనుక నీ పెండ్లి. ఒట్టు?"

ఆర్మూరు వెళ్లొస్తే ముహూర్తం అందదు. ఆ సంగతి వెంకటరాజుకి తెలుసు. అయినా తెలిసిన ముక్క నోట్లోనే మింగేశాడు.

"సత్యదుర్గ మీద ఒట్టండి."

లింబాద్రి నీళ్లలోంచి లేచి ఒడ్డెక్కాడు. మడమలు ముందుకున్నాయి... వెంకటరాజుకి ఆ తర్వాతేం జరిగిందో గుర్తులేదు.

తెల్లారేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కఫీల్ రాగానే లేచి, గడగడా అరబ్బీలో దులిపేశాడంట. సెలవు, జీతం, వెధవ భోజనం, దేన్నీ వదల్లేదు. అప్పటిదాకా వెంకటరాజుకొచ్చిన అరబ్బీ యల్లా, ఖలాస్, అంతే. ఊరి పేరు, తండ్రి పేరు కూడా వేరేవి చెప్పాడు. కఫీల్ మొహం సున్నం కొట్టినట్టయింది. సాయంత్రానికల్లా వెంకటరాజు విమానంలో ఉన్నాడు.

బొంబాయిలో దిగేసరికి ఒంట్లో చడీచప్పుడూ లేదు. స్టేషను దగ్గర ఓ మూలకెళ్లి, "లింబాద్రిగారూ..." అని మెల్లిగా పిలిచాడు. పలుకు లేదు. సముద్రం మధ్యలో ఎక్కడో జారిపోయి ఉంటాడు పాపం అనుకున్నాడు. అనుకోవడమేంటి, అలా అయితే బాగుణ్ణనుకున్నాడు. ఎదురుగా ఆర్మూరు వెళ్లే బస్సు ఆగి ఉంది. దాని వంక చూడకుండా రాజమండ్రి రైలెక్కేశాడు.

ముహూర్తం అందింది. సన్నాయి, బంతులు, మావయ్య మొహంలో వెలుగు — దేనికీ లోటు లేదు. తెర చాటున ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. అరచేతి కింద సత్యదుర్గ తల ఒక్కసారి అదిరింది. సిగ్గనుకుని మురిసిపోయాడు పిచ్చిమారాజు.

తాళి కట్టాడు. అక్షింతలు పడుతున్నాయి. సత్యదుర్గ తలెత్తి, నవ్వి, చెవి దగ్గరకి వంగింది. ఆ గొంతు ఆవిడది కాదు.

"పెండ్లి అయింది గద, తమ్మీ... ఇగ లే. బస్సు ఎన్నింటికి?"

పసుపుబట్టలతోనే పెళ్లికొడుకు పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. అన్నవరం వ్రతానికేమో, ఇంత తొందరేంటని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. వీళ్లు హైదరాబాదులో దిగి ఆర్మూరు బస్సెక్కారు.

బస్సు సగం ఖాళీ. వెంకటరాజు రెండు వేళ్లు చూపించాడు. కండక్టరు వెంకటరాజుని చూశాడు... సత్యదుర్గని చూశాడు... ఆమె పక్క ఖాళీ సీటు వైపు చూసి, "కొంచెం జరుగు, పెద్దాయనా" అని, మూడు టిక్కెట్లు చింపి చేతిలో పెట్టాడు.